మా ఓనరమ్మ నన్ను పోలీసుల నుంచి కాపాడిన విధం

ఇరవై అయిదేళ్ల వయసులో గడువు తేదీ అనేది మందులకు మాత్రమే ఉంటుందని నమ్మేదాన్ని కాబోలు. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తూ, ప్రతి ఇంజెక్షన్ సీసానూ వెలుతురుకి పట్టి తేదీ చూస్తేగానీ మూత తీసేదాన్ని కాదు. అంతటి జాగ్రత్తపరురాలికి ఐర్లండులో పీజీ సీటు వచ్చి, వార్డంతా మైసూర్‌పాక్ పంచేశాక, కాలేజీ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది: పాస్‌పోర్టుకి ఇంకా నాలుగు నెలలే గడువుంది, నెలలోపు కొత్తది చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని. (అది నా పదహారో ఏట తీసిన పాస్‌పోర్టు. ఫొటోలో రెండు జడలు, రిబ్బన్లు, ప్రపంచం మీద అలిగిన మొహం.)

పరుగున రెన్యూవల్‌కి పెట్టాను. ఊరి అడ్రసు మార్చి బొమ్మనహళ్ళిలోని అద్దె గది అడ్రసు ఇచ్చాను కనుక పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారన్నారు. ఈ ముక్క కింద ఇంట్లో ఉండే ఓనరమ్మకి చెప్పడం మాత్రం మరిచిపోయాను. ఆవిడది మూడు తరాలుగా బెంగళూరులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. నన్ను నర్సమ్మా అనే పిలిచేది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గరే నిలబడి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది.

"భయపడొద్దు నర్సమ్మా! పోలీసాయన వచ్చిండాడు నీ కోసరం. ఆ పేరుతో ఇక్కడ ఎవురూ లేరప్పా అని చెప్పి పంపించేసినా. మెట్ల మీద నీ చెప్పులుంటే, అవి కూడా దాచిపెట్టినా!"

"ఆంటీ, ఆయన నా పాస్‌పోర్టు కోసం వచ్చారండీ! నేనిక్కడ లేనని రాసేస్తే నా సీటు పోతుంది!"

"అట్లనా? ఐతే రేపు పోయి ఉండాదని చెప్పేస్తాం బిడు, వదిలెయ్" అంది, పాలవాడికి అర లీటరు ఎక్కువ చెప్పినంత తేలిగ్గా.

మర్నాడు పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరింది. చేతిసంచిలో సాక్ష్యంగా, అమ్మ నా పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు క్యారియర్. ముందురోజు ఇంటికొచ్చిన కానిస్టేబులు ఆంధ్ర సరిహద్దున ఉన్న చింతామణి వైపు మనిషి కావడంతో తెలుగులోనే నిలదీశాడు.

"నిన్న లేదంటిరి కదమ్మా?"

"నిన్న లేదు, నిజమే. డ్యూటీకి పోయిండాది."

"ఆ పేరుతో ఎవురూ లేరని అంటిరే!"

"నర్సమ్మ ఉండాదా అని మీరు అడగల్య కదప్పా."

ఆయన నా పాత పాస్‌పోర్టు ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. "ఈ పాప మీ ఇంట్లోనే ఉందని ఏం గ్యారంటీ?"

అంతే, ఓనరమ్మకి పూనకం వచ్చింది. "గీజర్ వేస్తే ఆర్పదు. గేటు గడియ పెట్టదు. బట్టలు ఆరేసి నాలుగు దినాలు తియ్యదు. ఇంట్లో లేని పిల్ల నాకు ఇంత తలనొప్పి ఎట్ల పెడుతుంది, మీరే చెప్పండి!"

స్టేషన్ మొత్తం నన్నే చూసింది. కానిస్టేబులు నవ్వు ఆపుకుంటూ, "వేరే కేసులేమన్నా ఉండాయా?" అన్నాడు. "ఇవి చాలవా?" అంది ఆవిడ. ఆయన సంతకం పెట్టించుకుని పంపించేశాడు. గడువుకి మూడు రోజుల ముందు కొత్త పాస్‌పోర్టు వచ్చింది, నా సీటు నిలిచింది.

కానీ ఆ రోజు తిరుగు ప్రయాణంలో, పరువంతా పోయిందని ఆటోలో ఆవిడకి దూరంగా ఒక మూలకి జరిగి కూర్చున్నాను నేను. ఆవిడ దారిలో దిగి రెండు మద్దూరు వడలు కొనుక్కొచ్చి ఒకటి నా చేతిలో పెట్టబోతే మొహం తిప్పుకున్నాను. ఏమీ అనుకోకుండా రెండూ ఆవిడే తినేసింది. ఎనిమిది నెలల పరిచయానికే, నేనేదో నేరం చేశాననుకుని కూడా, నా కోసం పోలీసులకు అబద్ధం చెప్పిన మనిషి ఆవిడ! ఆ సంగతి తట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఆటోలో మూతి ముడుచుకుని కూర్చున్న పిల్ల నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, "తినవే, వేడిగా ఉంది" అనాలనిపిస్తుంది.