తెర వెనక చెయ్యి

గవర్నర్‌పేటలో పండగ సీజను నడుస్తుండగా, మా బట్టల కొట్టు వెనక గదిలోని మూటలు వరండాలోకి లాగించి, ఆ గదిని చూపు మందగించిన డ్రాయింగు మాస్టారికి ప్రదర్శన పెట్టుకోవడానికని వారం రోజులు రెట్టింపు అద్దెకిచ్చి గెలిచాననుకున్న ఘనుణ్ణి నేను. డెబ్బైల నాటి మాట.

ఆయన ఎవరు కలిసినా గులకరాయో, దూదిపింజో చేతిలో పెట్టి, "కాసేపు ఉంచండి" అనేవారు. ఎప్పుడూ అదే మాట.

"బొమ్మలేవండీ?" అన్నాను, గదిలో అడ్డంగా కట్టిన నల్లతెర ఒక్కటే కనిపించి.

"ఇదేనండీ. ఈ కన్నంలోంచి చెయ్యి పెడితే అవతల నేను పట్టుకుంటాను. ఒక్కరు, ఒక్క నిమిషం ఉంచితే చాలు. కళ్లు పోయినా నా పని పోలేదనుకుంటాను."

ఆరు రోజులు జనం వచ్చారు. కెవ్వుమన్నవాళ్లు, గిల్లినవాళ్లు, నవ్వుతూ చెయ్యి లాక్కున్నవాళ్లే అందరూ. ఏడో రోజు ఎవరూ రాలేదు. నేనే చెయ్యి పెట్టాను.

మా తాత పశువుల సంతలో దళారి. తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరమాడటం నాకు ఆయనే నేర్పాడు. తెర చాటున ఆ పొడి అరచెయ్యి తగలగానే నా చెయ్యి దానంతటదే మాస్టారి నాలుగు వేళ్లు పట్టి నొక్కింది. ఇంకో వారం కావాలంటే నాలుగు రూపాయలు ఎక్కువని.

"కాసేపు ఉంచండి," అన్నారు మాస్టారు.

"ముందు రేటు తేల్చండి మాస్టారూ!"

ఆయన పట్టు మెల్లగా వదులైంది. "మీరూ బేరానికే వచ్చారన్నమాట."

మర్నాడు తెర మడత పెట్టుకుని ఉయ్యూరులో చెల్లెలింటికి వెళ్లిపోయారు. మళ్లీ ఏ పనీ తలపెట్టలేదని విన్నాను.

ఉన్న లెక్క చెబుతాను. వారం అద్దె నాకు పైసాతో సహా ముట్టింది. ఆయన అడిగింది ఒక్క నిమిషం. అది నా దగ్గర ఉంది. ఇవ్వలేదు.