గ్రుండప్ప యాడికి పోయినాడు?

ఎలుకను చంపితే మనిషి ఎదుగుతాడని యాభై ఏడేళ్ళ వయసులో తెలుసుకున్నాడు రామనాథ్. తెలుసుకున్నాడే గాని నమ్మలేదు.

"ఎలుకల్ని చంపితే నీ వీరుడికి అనుభవం వస్తుందప్పా. అనుభవం నిండితే ఒక మెట్టు పైకి పోతాడు" అని కూతురు మధుర విడమరిచి చెప్పింది.

"మన గనిలో ఎలుకల్ని చంపి ఎవుడమ్మా ఫోర్‌మన్ అయింది?" అన్నాడు రామనాథ్.

కోలారు బంగారు గని మూతపడి నాలుగేళ్ళయింది. టైమాఫీసులో గుమాస్తాగిరీ చేసిన రామనాథ్ ఆనాటి నుంచి వరండాలో కూర్చుని, ఎదురుగా ఉన్న గని మట్టిదిబ్బలకేసి చూస్తూ పొద్దుపుచ్చుతున్నాడు. మధుర రోజూ తెల్లవారి రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి పోయి వస్తుంది. వాళ్ళ ఆఫీసులో పారేయబోయిన పాత కంప్యూటరొకటి అడిగి తెచ్చి, అందులో ఒక ఆట పెట్టింది. "దిబ్బల్ని చూసేదానికన్నా ఇది మేలు" అని భార్య జలజ కూడా వంత పాడింది. ఆవిడ బడిపంతులమ్మ. మొగుడి మౌనం ఆవిడకు కొరుకుడు పడని పాఠం.

ఆట కథ ఇది. ఒక రాజ్యంలో సూర్యుడు రోజురోజుకూ మసకబారుతున్నాడు. ఆరిపోని దీపమొకటి మరుగుజ్జులు తవ్విన పాత గని అడుగున ఉంది. గనిని ఎప్పుడో మూసేశారు. వీరుడు తోడుగా ముగ్గురిని వెంటబెట్టుకుని దిగి, దయ్యాలనూ అస్థిపంజరాలనూ జయించి, దీపాన్ని పైకి తేవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరువాతే రామనాథ్‌కు అంతా అయోమయం. వీరుడు చస్తాడు, ఆటను చివరిసారి దాచిపెట్టిన చోటు నుంచి మళ్ళీ లేచి వస్తాడు. పెట్టెలు పగలగొట్టి పరాయివాళ్ళ కత్తులు తీసుకుంటాడు; ఎవరూ దొంగ అనరు. ఒక ముసలమ్మ తప్పిపోయిన కోడిని తెచ్చిమ్మంటుంది. లోకం చీకటైపోతుంటే కోడేమిటో, అది తెచ్చిస్తే ఆవిడ ఇనుపటోపీ ఇవ్వడమేమిటో!

అయినా ఆట అతన్ని పట్టుకుంది. గనిలో దిగడం గదా మరి. ముగ్గురు తోడులో గ్రుండ్ అనే మరుగుజ్జంటే రామనాథ్‌కు ప్రాణం. పొట్టివాడు, గడ్డంవాడు, చేతిలో గునపం, నోట్లో ఎప్పుడూ సణుగుడు. అచ్చం గని మనిషి. గ్రుండప్పా అని పిలుచుకునేవాడు.

ఒకరోజు గనిలో బాగా లోతున గాయాలు మాన్పే వైద్యురాలు ఎదురై నేనూ వస్తానంది. తోడు ముగ్గురికి మించకూడదట. ఒకరిని పంపెయ్యమంది ఆట. గ్రుండప్ప ఒంటినిండా దెబ్బలున్నాయి. వాడు విశ్రాంతి తీసుకుంటాడులే అనుకుని రామనాథ్ వాడి పేరు నొక్కాడు. "నీకోసం కాచుకుని ఉంటాను" అని ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పి గ్రుండప్ప మాయమైపోయాడు.

యాడ కాచుకుని ఉంటాడో చెప్పలేదు.

అక్కడితో రామనాథ్ ఆట ఆగిపోయింది. దీపం దగ్గరికి పోయే దారి తెరిచే ఉంది. అతను పోడు. దిగిన దారులన్నీ మళ్ళీ దిగి, మలుపు మలుపునా గ్రుండప్ప కోసం వెతుకుతాడు. వారాల తరబడి అదే పని. జలజ అన్నానికి పిలిస్తే, "ఒకడు కిందనే ఉండాడే, ఎట్ల వచ్చేది?" అంటాడు. ఆవిడ తల పట్టుకుంది.

ఆ మాట ఎక్కడిదో ఆవిడకు తెలియనిది కాదు. టైమాఫీసులో గోడకు వరసగా కొక్కేలు, కొక్కేనికో ఇత్తడి టోకెన్. కిందికి దిగేవాడు తన టోకెన్ తీసుకుపోతాడు, పైకి వచ్చినాక తెచ్చిస్తాడు. ఖాళీ కొక్కెం కనబడితే మనిషి కిందనే ఉన్నాడని లెక్క. టోకెన్ చేతిలో పడగానే రామనాథ్ పేరు పెట్టి "వచ్చినావా?" అనేవాడు. "వచ్చినాను సార్" అని వాడు అనాలి. అప్పుడే కొక్కేనికి తగిలించేది. చివరివాడు వచ్చేదాకా గుమాస్తా కుర్చీ వదలకూడదు, గని గేటు మూయకూడదు. అదీ అక్కడి కట్టుబాటు.

గని మూసిన రోజు సాయంత్రం ఒక కొక్కెం ఖాళీగా ఉండిపోయింది. అది బచ్చప్ప అనే పనివాడిది. అందరూ పైకి వచ్చారని మేస్త్రీలు చెప్పారు. "గుర్తుగా ఇంటికి తీసుకుపోయి ఉంటాడులెండి" అని పైఆఫీసరు నవ్వి తాళం వేయించాడు. రామనాథ్ బచ్చప్ప ఇంటికి పోతే ఇల్లు ఖాళీ. పెళ్ళాం తాయమ్మను తీసుకుని ఆవని అనే ఊరికి పోయాడని ఒకరు, లక్కూరులో పట్టుపురుగులు మేపుతున్నాడని ఇంకొకరు. రెండూళ్ళూ తిరిగి వచ్చాడు రామనాథ్. చూసినవాడు లేడు. మనిషి పైకి వచ్చాడా, రాలేదా? ఆ ప్రశ్న నాలుగేళ్ళుగా అతన్ని వదలడం లేదు. వరండాలో కూర్చుని దిబ్బల్ని చూడటం అందుకే.

ఒక ఆదివారం మధుర పక్కన కూర్చుని ఆట చూసింది. చూసి పకపకా నవ్వింది.

"గ్రుండు గనిలో యాడుంటాడప్పా? పంపించేసినోళ్ళంతా ఊళ్ళో సారాయి అంగట్లో కూర్చుని ఉంటారు. పోయి పిలిస్తే వస్తాడు. నువ్వు ఒక్కసారి కూడా ఆ అంగట్లోకి పోలేదా?"

"సారాయి అంగడికా! మన వంశంలో ఆ గడప తొక్కినోడు ఉండాడా?"

"ఆటలో కూడానా అప్పా?"

"ఆట అయితే? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు."

మధుర వినకుండా వీరుణ్ణి లోపలికి నడిపించింది. మూల బల్ల దగ్గర గ్రుండప్ప కూర్చుని ఉన్నాడు. దెబ్బలన్నీ మానిపోయాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది రామనాథ్‌కు. సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. బచ్చప్ప గురించి తాను గుళ్ళో అడిగాడు, రేషను అంగట్లో అడిగాడు, బస్టాండులో అడిగాడు. బంగారుపేట మార్కెట్టు వెనక సారాయి అంగడి వచ్చినప్పుడల్లా మాత్రం మొహం తిప్పుకుని అవతలి పక్క నడిచాడు.

చొక్కా వేసుకుని బయలుదేరాడు. యాడికని జలజ అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాడు. "సారాయి అంగడికి."

మిట్టమధ్యాహ్నం. అంగడి గడప దగ్గర రామనాథ్ కాలు ఒక్క క్షణం తడబడింది. లోపల చీకటికి కళ్ళు అలవాటు పడేసరికి మూల బెంచీ మీద గడ్డం పెరిగిన మనిషొకడు లేచి నిలబడుతున్నాడు. మార్కెట్టులో మామిడి మూటలు మోసేవాళ్ళ తువ్వాలు భుజం మీద ఉంది.

"సార్, మీరా? ఈ చోటికి మీరు రాకూడదు సార్" అన్నాడు బచ్చప్ప.

బతికే ఉన్నాడు. రామనాథ్ గోడ పట్టుకున్నాడు. "నీ టోకెన్ యాడప్పా?" అని మాత్రం అడగగలిగాడు.

బచ్చప్ప మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి టోకెన్ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. వేళ్ళతో రుద్ది రుద్ది అద్దంలా అయింది.

"చివరి టోకెన్ వచ్చేదాకా గని మూసేది లేదని మీరే కదా సార్ చెప్తా ఉంటిరి. అందరూ ఇచ్చేసినారు. నేనొక్కడు ఇయ్యకపోతే మూయలేరు అనుకొన్నాను. ఆ రాత్రికే ఊరు వదిలేసినా, అడిగితే యాడ ఇచ్చేస్తానో అని. అయినా మూసేసినారు." అతను నిజంగానే తెలియక అడిగాడు: "ఎట్ల మూసినారు సార్? నా టోకెన్ నా దగ్గరే ఉండాదే?"

కొక్కెం ఖాళీగా ఉండగా తాళమెట్లా వేశారన్నది నాలుగేళ్ళుగా రామనాథ్‌నూ తినేస్తున్న ప్రశ్నే. ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, ఇన్నేళ్ళూ చేసిన పనే చేశాడు. చెయ్యి చాపి, ఎప్పటి గొంతుతో అడిగాడు.

"వచ్చినావా, బచ్చప్పా?"

బచ్చప్ప టోకెన్ ఇవ్వబోయాడు. చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది. వేళ్ళు మెల్లిగా మూసుకున్నాయి.

"ఇంగా లేదు సార్."

రామనాథ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంగడివాడు వచ్చి ఏమి కావాలని అడిగితే, ఏమీ వద్దన్నాడు. బచ్చప్పను కూర్చోబెట్టి, అతని పక్కనే బెంచీ మీద తానూ కూర్చున్నాడు.