కంప్యూటరుకు కప్పిన జాకెట్టు గుడ్డ

నర్సీపట్నంలో మా పెదనాన్న ఇంటికి వీధివైపు ఒక గది ఉండేది. ఆయనది జీడిపిక్కల వ్యాపారం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ గది నిండా పిక్కల బస్తాలే. ఆ గదికోసం నేను పడ్డ ఆరాటం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా కోరిక పెద్దదేమీ కాదు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. రోలుగుంట నుంచి, కృష్ణదేవిపేట నుంచి ఆటోల్లో కాలేజీకి వచ్చే కుర్రాళ్ళు క్లాసులు ఎగ్గొట్టి రోడ్లు పట్టుకు తిరుగుతుండేవాళ్ళు. ఆ గదిలో వీడియో గేముల సెంటరు పెట్టుకుంటే నా బతుకు నేను బతికేస్తాను. అదే పెదనాన్నని అడిగాను. ఆయన కాసేపు చుట్ట పీల్చి, "ముందు ఒక మిషిను సేసి సూపించరా. దసరా మంచి రోజు. పూజయ్యాక నలుగురి ముందరా ఆడించు. బాగా ఆడితే గది నీదే," అన్నాడు.

కొత్త సామాను కొనే తాహతు నాకెక్కడిది? విశాఖపట్నం వెళ్ళి, పాత కంప్యూటర్లు విప్పి అమ్మే కొట్లో మదర్‌బోర్డు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఏరుకొచ్చాను. అన్నీ బిగించి కార్ల రేసు ఆట ఎక్కిస్తే, మలుపు వచ్చిన చోటల్లా తెర మీద కారు ఎద్దుబండిలా కుదుపులు పడుతూ నడిచింది. అసలు పని అప్పుడు మొదలైంది. కంపెనీవాడు పెట్టిన స్పీడు కన్నా ప్రాసెసరుని కాస్త ఎక్కువ స్పీడులో నడపడం, సెకనుకి ఎన్ని బొమ్మలు కదులుతున్నాయో లెక్కగట్టే బెంచ్‌మార్క్ ప్రోగ్రాం వేసి చూడడం, హ్యాంగయితే మళ్ళీ తగ్గించడం. స్పీడు పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేడి పోవడానికి క్యాబినెట్ పక్క రేకుకి వరసగా చిల్లులు కొట్టించి, లోపల ఇంకో ఫ్యాను బిగించాను. వినాయక చవితి దగ్గర్నుంచీ నాకదే లోకం. "దాంతోనే కాపరం సేసేత్తావేట్రా?" అని అమ్మ సణిగేది. చివరికి ఒకచోట కుదిరింది. ఒక్క మెట్టు పెంచితే హ్యాంగు, ఒక్క మెట్టు తగ్గిస్తే కుదుపు. తెర మీద ఆ అంకె చూసుకుని ఒక్కణ్ణే ఈల వేసుకున్నాను.

దసరా రోజు బస్తాలన్నీ గోడవారకి నెట్టి, బల్ల వేసి, దాని మీద నా మిషిను పెట్టారు. పెదనాన్న పిలిచిన వ్యాపారస్తులు కుర్చీల్లో కూర్చున్నారు. పండక్కి వచ్చిన ఇంటి అల్లుడు, అంటే మా బావగారికి, సరిగ్గా సీలింగు ఫ్యాను కింద కుర్చీ. పెద్దమ్మ మొదట మిషినుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అందాకా బాగానే ఉంది. తర్వాత కొత్త జాకెట్టు గుడ్డ విప్పి క్యాబినెట్టు మీద నిండుగా కప్పి, దాని మీంచి బంతిపూల దండ చుట్టేసింది. నేను కొట్టించిన చిల్లులన్నీ మూసుకుపోయాయి.

"పెద్దమ్మా, ఆ గుడ్డ తీసెయ్యాల. గాలాడకపోతే ఏడెక్కి ఆగిపోద్ది," అన్నాను.

"అమ్మోరి పేరు సెప్పి కప్పిన గుడ్డరా! ఉద్వాసన సెప్పకుండా తీసేత్తే ఇంకేటన్నా ఉందా?" అంది పెద్దమ్మ.

పోనీ కాస్త పక్కకి జరుపుదామని చెయ్యి వేశాను. పెదనాన్న కసిరాడు. "సెయ్యి తియ్యరా. మన పిక్కల వేను దండలేసుకునే తిరుగుతంది, ఆగిపోయిందేటి? బేగి ఆడించు, పెద్దమనుసులు కూకున్నారు."

స్పీడు తగ్గిస్తే ఆగదు, కానీ కుదుపులు వస్తాయి. కుదుపులు చూస్తే గది లేదంటారు. దేవుడి మీద భారం వేసి అలాగే ఆడించాను.

కొంతసేపు కారు ఎంత బాగా పరిగెత్తిందని! ఒక బియ్యం వ్యాపారి కుర్చీ ముందుకి లాక్కుని, "ఓరి నీ! నిజం కారేరా!" అన్నాడు. ఆ కాసేపూ ఆ గది నాది. బస్తాల స్థానంలో కుర్చీలు కూడా వేసుకున్నాను మనసులో. అంతలో లోపలి ఫ్యాను గోల పెంచింది. బంతిపూల వాసన వెచ్చగా ముక్కుకి తగిలింది. మలుపు మధ్యలో కారు బిగుసుకుపోయి, తెరంతా నీలంగా మారిపోయింది.

"ఏడెక్కింది పెదనాన్నా, ఆ గుడ్డ తీసి మళ్ళీ..." నా మాట పూర్తి కానివ్వలేదు.

"పువ్వులు తగిల్తే సచ్చిపోయే మిషిన్ని నమ్మి గదియ్యమంటావేట్రా?"

అందరూ నవ్వారు. బావగారు కూడా.

మిషిన్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకుని, గుడ్డ తీసి బెంచ్‌మార్క్ వేస్తే మళ్ళీ అదే అంకె వచ్చింది. ఒక్క బొమ్మ కూడా తగ్గలేదు. ఏడుపొచ్చింది. ఈ అంకె ఎవరికి చూపించను?

ఆ గది బావగారికి దక్కింది. బస్తాలు ఖాళీ చేయించి, సున్నం వేయించి, అల్లుడి చేత జిరాక్సు షాపు పెట్టించాడు పెదనాన్న. మరుసటి దసరాకి, వెళ్ళకపోతే బాగుండదని అమ్మ పోరితే వెళ్ళాను. జిరాక్సు మిషను మీద అచ్చం అలాంటి జాకెట్టు గుడ్డే, అలాంటి బంతిపూల దండే. ఎవరో కాగితం పట్టుకుని వచ్చారు. బావగారు మిషను వైపు వెళ్ళబోతూ ఆగారు.

"అత్తయ్యగారూ, ఆ గుడ్డ తీయించండి. గాలాడకపోతే వేడెక్కి ఆగిపోతుంది."

"అయ్యో, నాకేటి తెలుసు బాబూ!" అంటూ పెద్దమ్మ తన చేత్తోనే దండ తీసి, గుడ్డ మడతపెట్టి, అమ్మవారి పటం ముందు ఉంచి లెంపలు వేసుకుంది. ఉద్వాసన ఊసే లేదు.

పెదనాన్న మురిసిపోతూ పక్కవాళ్ళకి చెప్పాడు, "మా అల్లుడికి మిషిన్ల సంగతి బాగా తెలుసు."

ఆ తర్వాత నా వైపు తిరిగి, "సూసి నేర్సుకోరా," అన్నాడు.