తగల్లేదంటే తగల్లేదనే చెప్పు

మా ఎదురింటి ఆంటీ గారు మొన్న మంగళవారం మధ్యాహ్నం కన్నుమూశారు. టొరంటో దగ్గరి రిచ్‌మండ్ హిల్ నుంచి వచ్చి రెండు నెలలుగా దగ్గరుండి చూసుకుంటున్న ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందమ్మా. బాధపడకుండానే పోయింది" అన్నారు. ఆఫీసు మీటింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ మూసేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో రోడ్డు దాటాను.

కెనడాలోని ఈ సస్కటూన్‌లో మా వీధివాళ్ళకి ఆమె రిటైరైన నర్సు. చర్చివాళ్ళకి ఆదివారం పులిహోర తెచ్చే ఆంటీ. నాకు బాగా తెలిసింది మాత్రం శనివారం నాటి ఆంటీ.

మోకాలి ఆపరేషన్ అయి కారు నడపలేని రోజుల్లో ఒకసారి మా తలుపు తట్టారు. "అమ్మాయ్, శనివారం ఖాళీయేనా? నన్ను రేంజ్ దగ్గర డ్రాప్ చేస్తావా?"

గోల్ఫ్ ఆడే చోటు అనుకున్నాను. తీరా ఊరి బయట, గోధుమ చేల మధ్య, ఒక రేకుల షెడ్డు కింద ఆమె తాళం వేసిన పెట్టె తెరిస్తే అందులో పిస్టల్ ఉంది. పైన దూరం చూపే స్కోప్ బిగించిన, సన్న తూటాల పాయింట్ ట్వంటీటూ. నా మొహం చూసి నవ్వారు. "భయపడకు. భయం లేనివాళ్ళనే ఇక్కడికి రానివ్వకూడదు."

భర్త పోయాక ఖాళీ ఇంట్లో ఉండలేక, తోటి నర్సు పిలిస్తే మొదటిసారి ఆ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళారట. "ముప్పై ఏళ్ళు పేషెంట్ల ఊపిరి లెక్కపెట్టాను. నా ఊపిరి నేను విన్నది ఇక్కడే" అనేవారు.

ఆమె గురి రెండు వందల మీటర్ల దూరంలో వేలాడే, అన్నం పళ్ళెమంత ఇనప పలక. అంత చిన్న తూటా అంత దూరం వెళ్ళేసరికి నిలువెత్తు కిందికి జారిపోతుంది. ఆ మైదానపు గాలి దాన్ని ఎటైనా నెట్టేస్తుంది. అందుకే ఆమె కాల్చడం కన్నా గడ్డి ఊగడాన్ని చూడటమే ఎక్కువ. ఇసుక సంచి మీద చేతులు ఆనించి, గాలి కుదిరేదాకా కూర్చునేవారు. పేల్చాక ఒక క్షణం పైగా నిశ్శబ్దం. తగిలితే అప్పుడు దూరం నుంచి 'టంగ్' మని వినిపించేది.

పక్కన స్టాండు మీది బైనాక్యులర్‌లో చూసి, తూటా ఎక్కడ పడిందో చెప్పడం నా పని. మోకాలు బాగయ్యాక కూడా నేనే తీసుకెళ్ళేదాన్ని.

పదికి పది కొట్టాలని ఆమె కోరిక. ఒక శనివారం వరసగా ఎనిమిది తగిలాయి. తొమ్మిదోది పేల్చారు. పలకకి ఎడమ పక్కన దుమ్ము లేచింది. నాకు మనసొప్పలేదు. "తగిలింది ఆంటీ!" అన్నాను.

ఆమె పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు. చెవులకున్న మఫ్‌లు తీశారు.

"నాకు మోగినట్టు అనిపించలేదే."

"చివర తగిలిందేమో ఆంటీ..."

"అమ్మాయ్, నా సంతోషం కోసం అబద్ధం చెప్పావు. నేను నిజమనుకుంటే పదోది కూడా అక్కడికే కొడతాను. తగల్లేదంటే తగల్లేదనే చెప్పు. ఎటు పోయిందో చెప్పు. అంతే నువ్వు చెయ్యాల్సింది."

కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది. పదోది పేల్చకుండానే సర్దేసి, ఫ్లాస్క్‌లో టీ నాకే ముందు పోశారు.

తర్వాత ఎప్పుడూ ఆమె తొమ్మిది దాటలేదు. ప్రతిసారీ ఆ ఒక్కటి ఎటు పోయిందో నేను చెప్పాను.

పోయిన వేసవిలో చేతుల్లో బలం తప్పింది. స్కాన్‌లు తీశారు. రిపోర్ట్ వచ్చిన రోజు చెల్లెలు ఫోన్‌లో, "ఏం కాదక్కా, ఈ రోజుల్లో అన్నిటికీ ట్రీట్‌మెంట్ ఉంది" అంటూనే ఉన్నారు. ఆంటీ ఫోన్ పెట్టేసి కాగితాలు నా వైపు జరిపారు. "నేను చదవగలను. కానీ నా గురించి కదా, కళ్ళు మంచి మాటలే ఏరుకుంటున్నాయి. నువ్వు చదివి చెప్పు."

చదివాను. చివరి పేజీ మళ్ళీ చదివాను. ఆమె తొందర పెట్టలేదు.

"క్యాన్సర్ లివర్‌కి కూడా పాకింది ఆంటీ. నయం చేస్తామని ఎక్కడా రాయలేదు. నొప్పి తగ్గిస్తామని రాశారు."

కాగితాలు మడిచి కవర్లో పెట్టారు. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి, "థాంక్స్ అమ్మా. ఇప్పుడు ఏం చెయ్యాలో తెలుస్తుంది" అన్నారు.

చెయ్యాల్సినవన్నీ చేశారు. చెల్లెల్ని పిలిపించుకున్నారు. చర్చిలో తనకి ఏ పాటలు పాడాలో, ఎవరు పాడకూడదో కూడా చెప్పారు. ఇక్కడి కొత్త చట్టం ప్రకారం పిస్టల్ ఇంకెవరికీ అమ్మడానికి గానీ ఇవ్వడానికి గానీ వీల్లేదు. పోలీసులకి తానే ఫోన్ చేశారు. వచ్చిన ఆఫీసరమ్మాయికి పెట్టె అప్పగించే ముందు స్కోప్ అద్దం మెత్తటి గుడ్డతో తుడిచారు. "ఎలాగూ కరిగించేస్తారు కదా ఆంటీ" అన్నాను. "అయితే? పేషెంట్‌ని మొహం తుడవకుండా పంపిస్తామా?" అన్నారు.

ఆ తర్వాత కూడా ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్ళమన్నారు. సెప్టెంబర్ చివర. కోతలైపోయాయి. దుప్పటి కప్పుకుని మడత కుర్చీలో కూర్చున్నారు. ఎవరో "సీజ్ ఫైర్!" అని అరిచారు. అందరూ తుపాకులు ఖాళీ చేసి, బల్లల మీద పెట్టి వెనక్కి జరిగారు. దూరంగా, పలకలకి కాస్త ఇవతల, ఒక జింక వచ్చి నిలబడింది. దాని వెనక పిల్ల. అది తల వంచి గడ్డి కొరకడం మొదలుపెట్టింది. పది మంది పెద్ద మనుషులు చేతులు కట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఒకతను గడియారం చూసుకున్నాడు.

"కంగారేముంది," అన్నారు ఆంటీ తెలుగులోనే, ఎవరితో అంటున్నారో తెలియకుండా. "తిననివ్వండి."

ఎండ పసుపు రంగులో ఆ కోసిన చేను మీద పడుతోంది. తల్లి తింటోంది. పిల్ల మా వైపే చూస్తూ, చెవులు ఆడిస్తూ నిలబడింది.