ఫ్రిజ్ కంప్యూటర్ గొంతు

2023 వర్షాకాలం. ఊళ్లలోని ఆసుపత్రుల కంప్యూటర్లను దూరం నుంచే కనిపెట్టి ఉండే ఆఫీసు మాది, నిజామాబాద్‌లో. నా చదువు ఏడో తరగతితో ఆగింది. తెర మీది బోర్డులో ఏ పేరైనా ఎర్రగా మారితే ఫోన్ చేయడం నా పని.

ఈ పద్ధతిని ‘పాసివ్ మానిటరింగ్’ అంటారు. మనం వెళ్లి అడగం. ఐదు నిమిషాలకోసారి కంప్యూటరే “బాగున్నాను” అని కబురు పంపుతుంది. అది వస్తుంటే పేరు పచ్చగా ఉంటుంది, ఆగితే ఎర్రబడుతుంది. బోధన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ బయటికి ఒకటే ఇంటర్నెట్ అడ్రస్, ఒకే ఇంటి నంబరులో నాలుగు కాపురాలున్నట్టు. ఏ కబురు ఎవరిదో పేరును బట్టే తెలియాలి.

వాటిలో ఒకటి టీకాల ఫ్రిజ్‌ను చూస్తుండేది. లోపల వేడి ఎనిమిది డిగ్రీలు దాటితే టీకాలు పాడైనట్టే. దాని కబురు ఎప్పుడూ గంట దాటిన రెండో నిమిషానికి, ఏడో నిమిషానికి, అట్లా వచ్చేది. ఒక మంగళవారం అన్నం తిని వచ్చి చూస్తే నాలుగో నిమిషానికి, తొమ్మిదో నిమిషానికి వస్తోంది. బోర్డు మాత్రం పచ్చగానే ఉంది.

మా ఇంజనీరు శ్రీకాంత్‌కు చెప్పాను. “పచ్చగున్నదాని మీద పంచాయితీ ఏందక్కా?” అని నవ్వాడు. అయినా ఫోన్ చేయనిచ్చాడు. అక్కడి నర్సు రూత్ సిస్టర్ ఎత్తింది.

“సిస్టర్, ఫ్రిజ్ కాడి కంప్యూటర్ జర సూస్తరా?”

“నీ బోర్డు ఏమంటున్నది?”

“బాగనే ఉన్న అంటున్నది గనీ, అది దాని గొంతు లెక్క లేదు.”

“కంప్యూటర్‌కు గొంతేందే తల్లీ! సరే, పోతున్న తియ్. రేపు పొద్దుగాల పిల్లలకు టీకాలున్నయి.”

ఫోన్ పెట్టకుండానే నడిచింది. అంతలోనే అరిచింది. “అయ్యో సుజాతా! స్విచ్‌బోర్డు కాలిపోయింది. కంప్యూటర్ బందైంది, ఫ్రిజ్ గూడ బందైంది. ఆగు, థర్మామీటర్ సూస్త... ఏడు డిగ్రీలున్నది! ఇంక ఎనిమిది కాలే!”

టీకాలన్నీ ఐసు పెట్టెల్లోకి చేరాయి.

ఆ పొద్దున శ్రీకాంత్ అక్కడి రిసెప్షన్‌లో పెట్టి వచ్చిన కొత్త కంప్యూటర్, ఫ్రిజ్ కంప్యూటర్‌కు నకలు. పేరు మార్చడం మరిచాడు. అడ్రస్ ఒకటే, పేరూ ఒకటే. అది ఆగిపోయినా ఇది దాని పేరుతో పలుకుతూనే ఉంది. “తప్పు నాదేనక్కా” అంటూ వెంటనే కొత్తదానికి వేరే పేరు పెట్టాడు. పది నిమిషాలకు ఫ్రిజ్ పేరు ఎర్రబడింది. ఎరుపును చూసి నేను సంతోషపడింది ఆ ఒక్కసారే.

పచ్చగా ఉందంటే ఎవరో పలికారని మాత్రమే. ఎవరు పలికారో చూసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. నా మాట పూర్తిగా అర్థం కాకపోయినా లేచి నడిచిన ఆ తల్లిని మాత్రం మరవలేను.

మరునాడు తనే ఫోన్ చేసింది. ఫోన్‌ను పిల్లల వైపు పట్టింది. సూది పడిన పిల్లల ఏడుపులే వినిపించాయి. తర్వాత అడిగింది:

“ఇన్నవా సుజాతా? గీ గొంతులు సరిగున్నయా?”