పెద్దల్లుడు తుడిచిన మిషను

అత్తవారింట్లో అతను పెద్దల్లుడు. ఆఫీసులో మాత్రం అందరికీ పిన్నుల పెద్దాయన. మెట్ల పక్కన, ఒక్క కిటికీలోంచే వెలుతురొచ్చే ప్రింటు గది అతని రాజ్యం. ఒకప్పుడు ఆ గదిలో కాగితాలు పేర్చి, బల్లమీద టకటక తట్టి అంచులు కలిపి, మూలకు పిన్ను కొట్టింది అతని చేతులే. ఆ తట్టుడు వినబడితే చాలు, పెద్దాయన పనిలో ఉన్నాడని పక్క గదుల వాళ్ళకి తెలిసిపోయేది.

తర్వాత ప్రింటరు పక్కన చిన్న బీరువా అంత పెట్టె ఒకటి తగిలించారు. ప్రింటరులోంచి వచ్చిన కాగితాల్ని అదే పేర్చుకుంటుంది, అదే పిన్ను కొడుతుంది, అడిగితే చిల్లులు కూడా పొడిచి బయటికి తోస్తుంది. దాని పేరు ఫినిషరు. ఇంకొకరైతే తన పని లాక్కుందని దానిమీద పళ్ళు నూరేవారు. అతను దాన్ని బిడ్డలా చూసుకున్నాడు. పొద్దున్నే స్విచ్చి వేసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "స్వామీ, ఇవాళ్టికి ఇది మొరాయించకుండా చూడు" అనుకునేవాడు. లోపల ఇరుక్కున్న కాగితాన్ని కాలిలో ముల్లు తీసినంత నెమ్మదిగా లాగేవాడు. చిల్లుల తుక్కు నిండకముందే డబ్బా దులిపేవాడు. ఆ మిషను ఆగిందంటే తన పరువే ఆగినట్టు అతనికి.

అంతా బాగానే ఉండేది, మరమ్మతు కంపెనీ వాళ్ళు మెకానిక్కుని మార్చకపోయుంటే. కొత్తగా వచ్చినవాడు ఎవరో కాదు, స్వయానా తోడల్లుడు. మరదలి మొగుడు.

చిన్నల్లుడిమీద అతనికి కడుపుమంట ఈనాటిది కాదు. అతను వెళ్ళినప్పుడల్లా కుయ్యోమనే అత్తగారింటి ఫ్యాను, చిన్నల్లుడు ఒక్కసారి చెయ్యి వేయగానే నోరు మూసుకుంది. ఏళ్ళ తరబడి కారిన కొళాయి ఒక్క పూటలో ఆగిపోయింది. "మా చిన్నల్లుడు చెయ్యేశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పెద్దల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "ఆఫీసులో ఉంటాడు" అనేది. అంతే. ఆ "ఉంటాడు" అన్న మాట అతనికి ఎక్కడో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

"మా మరిదిగారు ఇక మీ ఆఫీసుకే వస్తారటగా! మీ మిషనుకి దిగుల్లేదు" అంది భార్య ఆ రోజు, సంబరంగా.

"ఇప్పుడు దానికేం దిగులొచ్చిందని?"

"ఊరికే అన్నానండీ బాబూ. మొహం అలా గంటు పెట్టుకుంటారేం?"

చిన్నల్లుడు వస్తూనే, "అన్నయ్యా, మిషన్ని ఎంత బాగా పెట్టుకున్నారు! వేరే ఆఫీసుల్లో చూడాలి మీరు, లోపల బొద్దింకలు కాపురాలు చేస్తుంటాయి" అన్నాడు. వెళ్ళేముందు పెద్దాయన కుర్చీ కిర్రుమంటోందని దాని మర బిగించాడు. ఫ్యాను గాలి సరిగ్గా తగిలేలా అటు తిప్పాడు. అడక్కుండా చేసిన ఆ చిన్న మేళ్ళు దేవుడికి నచ్చే ఉంటాయి. పెద్దల్లుడికి మాత్రం, "నన్నేం ముసలాణ్ణనుకున్నాడా వీడు" అనిపించింది. అంతలో మేనేజరు మేడమ్ గుమ్మంలోకి వచ్చి, "మీరొచ్చాక మిషను చప్పుడు కూడా తగ్గిందండీ" అని చిన్నల్లుణ్ణి మెచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మంలో నిలబడి ఆవిడ తనని ఒక్క మంచిమాట అన్న గుర్తు లేదు.

ఆ సాయంత్రం దారిలో ఆగి, చెక్క బీరువాలకి పూసే పాలిష్ డబ్బా ఒకటి కొన్నాడు. మర్నాటినుంచి రోజూ పొద్దున్నే మిషన్ని తళతళలాడేలా తుడవడం మొదలుపెట్టాడు. చూసినవాళ్ళకి తెలియాలి, దీన్ని నిజంగా సాకుతున్నదెవరో! పైపైన తుడిస్తే తనివి తీరలేదు. మూత తెరిచాడు. లోపల కాగితాల్ని వెనక్కి లాగి అంచు కలిపే నల్ల రబ్బరు రెక్కలు బూడిద పట్టినట్టు కనిపించాయి. వాటికీ నాలుగు సార్లు పాలిష్ గుడ్డ ఆడించాడు. నిగనిగలాడాయి. గదంతా నిమ్మపండు వాసన.

ఆ రోజే కట్టల్లోంచి కాగితాలు జారడం మొదలైంది. మధ్యలో ఒక కాగితం వెనక్కి రాకుండా ఎక్కడిదక్కడ ఉండిపోయేది, పిన్ను దాన్ని వదిలేసి మిగతావాటికే పడేది. మేడమ్ సమావేశంలో కట్ట ఎత్తగానే ఒక పేజీ ఎగిరి పెద్దవాళ్ళ కాళ్ళ దగ్గర పడింది. చిన్నల్లుడికి కబురెళ్ళింది. మధ్యాహ్నం వచ్చాడు, అన్నీ విప్పాడు, రబ్బర్లు తుడిచాడు, బిగించాడు. కట్టలు అచ్చు పోసినట్టు వచ్చాయి. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే వరస. మళ్ళీ మధ్యాహ్నం వచ్చాడు.

"అయ్యో, ఏంటోనోయ్, నువ్వొచ్చినప్పటినుంచే ఇలా చేస్తోంది" అన్నాడు పెద్దల్లుడు, గొంతులో బోలెడు జాలి పోసి.

"అదే నాకూ అంతుపట్టట్లేదు అన్నయ్యా."

లోపల మాత్రం అతని ప్రాణం పండగ చేసుకుంటోంది. ఇంటికెళ్ళేసరికి భార్య దిగులుగా ఉంది. "చెల్లి ఫోన్ చేసిందండీ. మీ ఆఫీసు పనిలో మాటొస్తే కంపెనీలో ఆయనకి కష్టమేనట. గొంతులో ఏడుపు దాచుకుని మాట్లాడింది, పిచ్చిది." అతను అయ్యోపాపం అన్నాడు. అన్నంలో మరో గరిటె పప్పు వేయించుకున్నాడు.

చివరికి మేడమ్ కోపమొచ్చి, "ఇంకొక్కసారి ఇలా అయిందా, వేరే మనిషిని పంపమని మీ కంపెనీకి చెప్పేస్తాను" అంది. చిన్నల్లుడు భయపడి, మర్నాడు కబురు రాకముందే, పొద్దున్నే వచ్చేశాడు. పెద్దల్లుడు అప్పుడే తుడవడం పూర్తిచేసి, డబ్బా కిటికీలో పెట్టి, పరీక్షకి ఒక కట్ట తీశాడు. పేజీ జారింది.

చిన్నల్లుడు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రబ్బరు రెక్కల్ని విప్పాడు. వాటిమీద వేలు పెట్టి రుద్దాడు. వేలు సర్రున జారింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి తలెత్తి కిటికీలో డబ్బా వైపు, దానిమీద ఆరేసిన గుడ్డ వైపు చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

ఆ చూపుని పెద్దల్లుడు చూశాడు. పాలిష్ నునుపుకే కాగితాలు జారుతున్నాయన్నమాట. ఇన్నాళ్ళూ తన చేత్తో తనే...

"ఏమైందిట?" గుమ్మంలో మేడమ్.

ఇక చెప్పేస్తాడు, అనుకున్నాడు పెద్దల్లుడు.

"పొరపాటు నాదే మేడమ్" అన్నాడు చిన్నల్లుడు. "రబ్బర్లు పాతబడ్డాయి. మొదటిరోజే మార్చాల్సింది, చూసుకోలేదు. ఇప్పుడే కొత్తవి వేసేస్తాను."

"అన్నిసార్లొచ్చి ఈ మాట ఇవాళ చెప్తున్నారా? మీ కంపెనీతో మాట్లాడక తప్పదు" అని ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. చిన్నల్లుడు కొత్త రెక్కలు బిగిస్తూ, తలెత్తకుండానే మెల్లిగా అన్నాడు: "అన్నయ్యా, ఈ రబ్బర్లకి గట్టిగా పిండిన తడిగుడ్డ అద్దితే చాలు. బయట మీ ఇష్టం, అద్దంలా తుడుచుకోండి."

అంతే. ఒక్క దెప్పుమాట లేదు. దెప్పినా బాగుండును! పనిమంతుడని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాడు. ఇప్పుడు మంచివాడని కూడా కుళ్ళుకోవాల్సొచ్చింది. ఇక ప్రతి పెళ్ళిలో, ప్రతి భోజనంలో వీడు ఎదురుగా కూర్చుని ఏమీ అనకుండా నవ్వుతాడు. తన బదులు మాట పడినవాడు! ఆ ఊహకే పెద్దల్లుడి ఒళ్ళు మండిపోయింది. మంచితనంలో కూడా చిన్నల్లుడే పైచెయ్యా? కిటికీలోంచి డబ్బా లాక్కుని నేరుగా మేడమ్ గదికి వెళ్ళాడు.

"మేడమ్, మా వాడు అబద్ధం చెప్పాడు. రబ్బర్లు పాతవి కావు. రోజూ పొద్దున్నే నేనే వాటికి ఈ పాలిష్ పూశాను."

ఆవిడ తెల్లబోయింది. "ఎందుకండీ?"

తెలియక చేశానంటే సరిపోయేది. అదీ నిజమే. కానీ వచ్చిన దారిలో సగంలో ఆగడం అతనికి చేతకాలేదు. "వాడికంటే బాగా చూసుకుంటున్నానని మీరనుకోవాలని."

"ఇంతకీ మీరిద్దరూ ఏమవుతారు?"

"తోడల్లుళ్ళం."

మేడమ్ పెదవులు బిగపట్టింది, అయినా నవ్వు ఆగలేదు. "మా ఆయనా, మా అక్కమొగుడూ ఒకే సోఫాలో కూర్చోరండీ! సరే, కంపెనీకి ఫోన్ చెయ్యనులెండి. ఆ డబ్బా మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి."

తిరిగొచ్చేసరికి ఫినిషరు ఒక కట్టని బయటికి తోస్తోంది. అలవాటుకొద్దీ దాన్ని తీసుకుని బల్లమీద తట్టబోయాడు. కలపడానికి అంచుల్లో వెంట్రుకవాసి తేడా లేదు. కట్ట పక్కన పెట్టి, ఫ్యానుని చిన్నల్లుడి వైపు తిప్పాడు. పూర్తిగా కాదు, సగం.

"మేడమ్‌కి ఏం చెప్పారన్నయ్యా?"

"నువ్వు అబద్ధాలకోరువని చెప్పాను. నీ పని పోదులే."

చిన్నల్లుడి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"చూడూ, అత్తగారి దగ్గర ఈ సంగతి ఎత్తకు" అన్నాడు పెద్దల్లుడు.

"ఛ, పాలిష్ మాట నేనెందుకు ఎత్తుతానన్నయ్యా?"

"పాలిష్ మాట కాదు. నేను వెళ్ళి చెప్పి నీ పని నిలబెట్టిన మాట. అది నేనే చెప్పుకుంటాను."