నిలబడ్డ బండి లెక్క

మొన్న కామారెడ్డిలో కొత్త దుకాణాల సముదాయం కింద కారు వెనక్కి తీస్తుంటే, అక్కడి కాపలా మనిషి డిక్కీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. ఒకసారి తడితే ఆగు, రెండుసార్లు తడితే పో. బస్సుల దగ్గర పనిచేసినవాళ్ల పద్ధతి అది. పోవలసిన నేను ఆగిపోయాను. వెనక హారన్లు మోగాయి. ఆ సముదాయం కట్టకముందు అక్కడ కార్లు నిలిపే ఓ రేకుల షెడ్డు, గేటు పక్కన ఒక ఇనుప కుర్చీ ఉండేవి; ఆ కుర్చీలో, బండ్లను ఇట్లాగే తట్టి పంపే సాయిలు కాక ఉండేవాడు.

సాయిలు కాక బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎప్పుడు కదిలింది రాసుకోవడమే ఉద్యోగమంతా. తర్వాత తన బావమరిదికున్న ఖాళీ జాగాను అద్దెకు తీసుకుని, డబ్బు తీసుకుని కార్లు పెట్టించేవాడు. వచ్చిపోయే బండ్లను చార్టులో రాసే అలవాటు మాత్రం పాతదే. బండి నంబరు రాయడు. ఊరు, వచ్చిన పని రాస్తాడు. 'రాజంపేట – పెండ్లి బట్టలు', 'భిక్నూర్ – కోర్టు', 'నాగిరెడ్డిపేట – రైలు'. మా బండి పేరు 'ఎల్లారెడ్డి – కిడ్నీ'. మొదటిసారి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

మా బాపుకు వారంలో మూడు రోజులు కామారెడ్డిలో డయాలసిస్. మొదటి రెండు నెలలు బస్సులో తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు కాళ్లు కొంకర్లు పోయి, సీటు కమ్మీ పట్టుకుని వణికేవాడు. ఓ రోజు దిగగానే అన్నాడు: "ఇగ బస్సయితే నేను రాను బిడ్డా. ఇంటికాన్నే ఉంట." ఇంటి దగ్గర ఉంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే వాయిదాల మీద ఓ పాత కారు కొన్నాను. నేను రాసిన వార్త అచ్చయితే దాని పొడవు కొలిచి పత్రికవాళ్లు పంపే డబ్బు, నా భార్య కుట్టుమిషను మీద వచ్చేది, అంతే మా రాబడి. వాయిదా ఇంత, పెట్రోలు ఇంత, నా చాయ టిఫిన్లు ఇంత, పార్కింగు ట్రిప్పుకు ఇరవై అని కాగితం మీద రాసుకున్నాను. నెలాఖరుకు సరిగ్గా సరిపోయింది. సరిపోకపోతే కారు పోతుంది. కారు పోతే బాపు రాడు.

మొదటి రోజు అద్దం మీది ప్రెస్ స్టిక్కర్ చూసి కాక అడిగాడు: "ఎంతసేపు పేపరాయనా?"

"రెండు గంటలు కాకా. బాపుకు డయాలసిస్."

కళ్లద్దాల పైనుంచి చూశాడు. "మిషను మీదనే నాలుగు గంటలుంటడు. ఎక్కుడు, దిగుడు, జర తేరుకునుడు ఇంకో రెండు. రెండు గంటలని నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. అంతకుముందు బస్టాండు పక్కన ఎక్కడో కూర్చుని కాలం గడిపేవాణ్ణే కాని, ఎన్ని గంటలో ఏనాడూ లెక్కపెట్టలేదు.

"మా డిపోకు కొత్తగొచ్చిన ఆఫీసర్లు గూడ గిదే తప్పు చేసేటోళ్లు" అన్నాడు. "నడిచే బండికే లెక్క గడ్తరు. నిలబడ్డ బండికి గట్టనే గట్టరు."

మొదటి రెండు గంటలకు ఇరవై, ఆపైన గంటకు పది. ఆరు గంటలకు అరవై. నెలకు పదమూడుసార్లు. రెండువందల అరవై అనుకున్నది ఏడువందల ఎనభై అయింది. అంత లేదు. రెండో వారం నుంచి బాపును ఆసుపత్రి ముందు దించి, రైల్వే గేటు అవతల రైసుమిల్లు గోడ పక్కన కారు ఊరికే పెట్టి రావడం మొదలుపెట్టాను. పావుగంట నడక. డబ్బు మిగిల్చానని లోలోపల గర్వంగానే ఉండేది.

ఓ మధ్యాహ్నం కారు తెచ్చేసరికి ఆసుపత్రి మెట్ల మీద బాపు లేడు. లోపల లేడు, మందుల దుకాణం దగ్గర లేడు. రోడ్డు వెంట పరుగెత్తితే, షెడ్డు గేటు దగ్గర ఇనుప కుర్చీలో కనిపించాడు. పక్కన కాక నిలబడి అట్టముక్కతో విసురుతున్నాడు. నేను మళ్లీ వెనక్కి రావడమెందుకని, బాపే కారు దగ్గరికి బయల్దేరాడట. ఇక్కడికొచ్చేసరికి కాళ్లు తేలిపోయాయి.

"నీళ్లడిగిండు. ఒక్క గుక్కనే ఇచ్చిన" అన్నాడు కాక. "కిడ్నీ పోయినోళ్లకు తాగే నీళ్లకు గూడ లెక్కుంటదట గద." నా ఖర్చుల కాగితం సంగతి బాపు చెప్పినట్టున్నాడు, నావైపు చెయ్యి చాపాడు. "నీ కాయితం తియ్."

జేబులోంచి తీసిచ్చాను. పైనుంచి కిందిదాకా చదివాడు.

"వాయిదా ఉన్నది, పెట్రోలున్నది. మీ బాపు నడక ఏ ఖానాల రాసినవ్?"

బాపే అందుకున్నాడు: "వాన్నేమనకు అన్నా. నేనే తొందరపడ్డ."

"నువ్వూకో. నడిచే దమ్ములేదు గని కొడుకుకు వకాల్తా!"

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ కాగితం వెనక కాక కొత్త చార్టు గీశాడు. రోజూ వచ్చేవాళ్లకు బస్సులో పాసున్నట్టే షెడ్డులోనూ పాసు: ట్రిప్పుకు నలభై, నెల డబ్బు ముందే ఇవ్వాలి. మొత్తం ఐదువందల ఇరవై. నేను పార్కింగుకు రాసుకున్నదానికి ఇంకా రెండువందల అరవై తక్కువ.

"ఆ ఆరు గంటలు నువ్వేం జేస్తవ్?"

"హోటల్ల కూసుంట. టిఫిను, రెండు చాయలు. ఇరవై అయితయి."

"గదే నీ రెండువందల అరవై. ఇంటి నుంచి అన్నం డబ్బ గట్టుకొని రా. ఈడ కూసొని వార్తలు రాస్కో. కుర్చీకి కిరాయి లేదు."

పదకొండు నెలలు ఆ షెడ్డే నా ఆఫీసు. అక్కడికొచ్చే మనుషుల నుంచే సగం వార్తలు దొరికేవి. ఎవరు ఎందుకొచ్చారో చార్టులోనే ఉండేది కదా.

పన్నెండో నెల నాలుగో ట్రిప్పు తర్వాత బాపు పోయాడు. దినాలయ్యాక కాక బస్సులో ఎల్లారెడ్డి వచ్చాడు. చాయ తాగి, చొక్కా జేబులోంచి మడిచిన నోట్లు తీసి అరుగు మీద పెట్టాడు. మూడువందల అరవై.

"తొమ్మిది ట్రిప్పులు నడవలే" అన్నాడు.

"ఉండనీ కాకా."

"నిలబడని బండికి పైసలెట్ల తీసుకుంట? నా చార్టు తప్పయితది."

తర్వాత ఎప్పుడో షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ నెల పేజీ తిప్పి చూశాను. 'ఎల్లారెడ్డి – కిడ్నీ' ఎదురుగా తొమ్మిది గళ్లు. కొట్టివేయలేదు. ఖాళీగా ఉంచాడు.

ఇప్పుడు కాక లేడు. నేను ఇంకా వార్తలు రాస్తూనే ఉన్నాను. పోయిన సీజనులో నాగిరెడ్డిపేట దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళితే, నాతో వచ్చిన కొత్త విలేకరి ఒక రైతును ధర ఎంత పడిందని అడిగి రాసుకున్నాడు. నేను అతని వడ్ల ట్రాక్టరు మీద చెయ్యి వేసి, ఇది ఎన్ని రోజుల నుంచి ఇక్కడ నిలబడి ఉందని అడిగాను. రైతు నావైపు తిరిగి, తలకు చుట్టిన రుమాలు విప్పి, కింద కూర్చున్నాడు.

"గది అడిగినవ్ సారూ" అన్నాడు. "రాస్కో, చెప్త."